రోజూ షట్‌డౌన్ చేస్తున్నా సిస్టమ్ ఎందుకు మొరాయిస్తోంది?

చంద్రగిరి నుంచి ఒకమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆమె ఇంట్లోనే కూర్చుని నాలుగైదు అంగళ్లకు టాలీలో లెక్కలు రాస్తారు. ఏడేళ్ల నాటి డెస్క్‌టాప్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10, పక్కన చిన్న యూపీఎస్. "రోజూ రాత్రి పద్ధతిగా షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేస్తాను. అయినా వారం తిరిగేసరికి నత్తలా తయారవుతుంది. మా అబ్బాయి వచ్చి రీస్టార్ట్ కొడితే బాగవుతుంది. షట్‌డౌన్‌కీ రీస్టార్ట్‌కీ తేడా ఏముంది? పక్కింటాయనేమో రోజూ ఆపుతూ వేస్తూ ఉంటే త్వరగా పోతుంది, ఆన్‌లోనే వదిలేయండి అంటున్నారు. ఏది మంచిది?"

అమ్మా, నేను తిరుపతిలో ఇరవై ఐదేళ్లకు పైగా ఈ రిపేరు పనిలోనే ఉన్నాను. మీ ప్రశ్న నెలకు పదిమందైనా అడుగుతారు. జవాబు చెప్పేముందు మీచేత ఒక చిన్న పరీక్ష చేయిస్తాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న పెట్టెలా కనిపిస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కితే గ్రాఫు కింద "అప్ టైమ్" అని ఉంటుంది. దానికింద నాలుగు అంకెలు: రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు. రాత్రి ఆపి ఈ పొద్దున వేసిన సిస్టమ్‌లో అది మూడు నాలుగు గంటలకు మించకూడదు కదా? మీ దాంట్లో ఎనిమిది రోజులో పది రోజులో చూపిస్తుందని నా అంచనా. అంటే మీరు రోజూ ఆపుతున్నారనుకుంటున్న కంప్యూటర్ తన లెక్కలో ఆగనే లేదు.

దీనికి కారణం ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు. 2012లో విండోస్ 8తో వచ్చింది, విండోస్ 10, 11లో కూడా చాలా సిస్టమ్‌లలో మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. మీరు షట్‌డౌన్ నొక్కగానే టాలీ, బ్రౌజర్ లాంటివన్నీ మూతపడతాయి. విండోస్ గుండెకాయ లాంటి భాగం, ప్రింటరు, నెట్‌వర్క్ లాంటి వాటిని నడిపించే డ్రైవర్లు మాత్రం మూతపడవు. అప్పటికి అవి మెమరీలో ఎలా ఉన్నాయో అలాగే హార్డ్ డిస్క్‌లో ఒక ఫైలుగా రాసిపెట్టి, పొద్దున ఆ ఫైలునే తిరిగి చదువుకుంటాయి. అంగడి మూసేటప్పుడు బేరానికి వచ్చినవాళ్లను పంపేసి, గల్లాపెట్టె, త్రాసు, తూకపురాళ్లు ఉన్నవి ఉన్నట్టే వదిలి షట్టరు దించినట్టు. తెల్లారి తెరవడం త్వరగా అవుతుంది. నిన్నటి చెత్త కూడా అక్కడే ఉంటుంది. ఎక్కడో ఇరుక్కుపోయిన ప్రింటర్ డ్రైవరు, కొంచెం కొంచెంగా మెమరీ మింగే ఇంకేదో రోజుల తరబడి పోగుపడతాయి.

రీస్టార్ట్ కొట్టినప్పుడు ఈ దాచిపెట్టడం ఉండదు. అన్నీ మూసి, మొదటినుంచి మొదలవుతుంది. అందుకే మీ అబ్బాయి చేయి పడితే బాగవుతోంది. హస్తవాసి ఏం లేదు లెండి!

ఇక ఏం చేయాలి? సులువైన దారి, వారానికి రెండుసార్లు రీస్టార్ట్ చేయడం. ఇంకోటి, షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ క్లిక్ చేయడం. అప్పుడు ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. కానీ మీకు నేను చెప్పేది ఫాస్ట్ స్టార్టప్‌నే తీసేయమని. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ఎడమవైపు "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ", పైన నీలం అక్షరాల్లో "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్అవైలబుల్". దాన్ని నొక్కాక కింద "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" ముందున్న టిక్కు తీసి సేవ్ చేయండి. పొద్దున ఆన్ కావడానికి ఇంకాస్త టైము పడుతుంది. ఆ లోపల కాఫీ కలుపుకోవచ్చు. పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చాక ఆ టిక్కు మళ్లీ వచ్చిందేమో ఒకసారి చూసుకోండి.

మీకు తీసేయమని గట్టిగా చెప్పడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. గోడ స్విచ్. యూపీఎస్ ఉందిలే అనుకోకండి, దాని బ్యాటరీ నీరసిస్తే ఆ స్విచ్‌తోపాటే సిస్టమ్ కూడా ఆగిపోతుంది.

ఒకసారి కొర్లగుంటలో ఒకరింటికి వెళ్లాను. సిస్టమ్ వారానికోసారి నీలం తెర చూపిస్తోందని పిలిచారు. పరీక్షించి చూస్తే ర్యామ్ బాగుంది, డిస్క్ బాగుంది. ఏం తోచక, "సార్, మీరు రోజూ ఎలా ఆపుతారో అలాగే ఒకసారి ఆపి చూపించండి" అన్నాను. ఆయన షట్‌డౌన్ క్లిక్ చేసి లేచి, గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ మీద చేయి వేసి నిలుచున్నారు. మానిటర్ నల్లబడిందో లేదో, టక్కున నొక్కేశారు. నా కళ్లు మాత్రం క్యాబినెట్ ముందు, హార్డ్ డిస్క్ పని చేస్తోందని చూపించే ఎర్ర లైటు మీదే ఉన్నాయి. స్విచ్ నొక్కే క్షణానికి అది ఇంకా మిణుకుమిణుకుమంటోంది. ఫ్యాన్ తిరుగుతోంది. డిస్క్ ఆ రాత్రికి దాచుకోవాల్సినదాన్ని రాసుకుంటూ ఉంది. ముద్ద నోటి దగ్గరికి వెళ్తుంటే కంచం లాగేసినట్టు. ఏడాదిగా రోజూ ఇదే తంతు.

మానిటర్ నల్లబడితే కంప్యూటర్ ఆగినట్టు కాదమ్మా. క్యాబినెట్ లైట్లు ఆరాలి, ఫ్యాన్ చప్పుడు ఆగాలి. ఆ తర్వాత మనసులో పది లెక్కపెట్టి అప్పుడు స్విచ్ దగ్గరికి వెళ్లండి. హార్డ్ డిస్క్ ఉన్న పాత సిస్టమ్‌లలో ఈ మధ్య సమయం ఒక్కోసారి అర నిమిషం కూడా పడుతుంది.

ఈ స్విచ్ తొందర మా కాలం వాళ్లకు అలవాటుగా వచ్చింది. నేను పని నేర్చుకునే రోజుల్లో విండోస్ 95, 98 ఉండేవి. షట్‌డౌన్ అయ్యాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాల్లో ఇక కంప్యూటర్ ఆపుకోవచ్చు అని ఇంగ్లీషులో వచ్చేది. అప్పటి క్యాబినెట్‌కు ఉన్న స్విచ్ నిజం స్విచ్, నొక్కితే కరెంటు తెగిపోయేది. ఆ మాట కోసం కాచుకుని కూర్చుని మనమే ఆపేవాళ్లం. తర్వాత వచ్చిన ఏటీఎక్స్ రకం సిస్టమ్‌లు తమంతట తామే ఆగడం నేర్చుకున్నాయి. చేతులకు మాత్రం పాత అలవాటు పోలేదు. ఇంకో తమాషా చెప్పనా? ఆ విండోస్ 95, 98లను ఎక్కడా ఆపకుండా నడిపితే 49.7 రోజులకు బిగుసుకుపోయేవి. లోపల మిల్లీసెకన్లు లెక్కపెట్టే అంకె అంతకుమించి పట్టక మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. మా దగ్గర అన్ని రోజులు ఆగకుండా నడిచిన సిస్టమ్ ఒక్కటీ లేదు లెండి, దానికంటే ముందే కరెంటు పోయేది.

పక్కింటాయన మాటలో అసలు నిజం లేకపోలేదు. చల్లగా ఉన్న పరికరం వేడెక్కడం, మళ్లీ చల్లారడం దానికి కొంత ఒత్తిడే. హార్డ్ డిస్క్ మోటారుకు కూడా అన్నిటికంటే కష్టమైన ఘడియ మొదలయ్యే ఘడియే. కానీ రోజుకోసారి ఆపి వేస్తే ఏడాదికి 365 సార్లు, పదేళ్లకు 3,650. డిస్కులను అంతకు ఎన్నో రెట్లు తట్టుకునేలా తయారుచేస్తారు. మరోవైపు ఖాళీగా వదిలేసిన మామూలు డెస్క్‌టాప్ 50 వాట్లు తాగుతుందనుకున్నా, రాత్రి పది గంటలకు అర యూనిట్, నెలకు 15 యూనిట్లు. పైగా తెల్లవార్లూ దుమ్ము పీలుస్తూ ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోతే యూపీఎస్ అరిచి అరిచి ఆగిపోతుంది, సిస్టమ్ దభీమని పడిపోతుంది. మీరు రాత్రి ఆపేయడమే మంచిది.

మధ్యాహ్నం భోజనానికో, గంగమ్మ గుడిదాకానో వెళ్లొచ్చేటప్పుడు మాత్రం షట్‌డౌన్ అక్కర్లేదు, స్లీప్ చాలు. స్లీప్‌లో పని అంతా ర్యామ్‌లోనే ఉంటుంది, దాన్ని నిలబెట్టడానికి కొద్దిపాటి కరెంటు కావాలి. ఆ కరెంటు కూడా పోతే సేవ్ చేయనిది పోయినట్టే. అందుకని స్లీప్‌లో పెట్టేముందు టాలీలో కంపెనీ, అంటే తెరిచి ఉన్న అంగడి లెక్కల పుస్తకం, మూసేయండి. హైబర్నేట్ అయితే ఆ భయం లేదు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లోకి రాసుకుని సిస్టమ్ పూర్తిగా ఆగుతుంది.

సిస్టమ్ బిగుసుకుపోయిందని వెంటనే పవర్ బటన్ నొక్కిపట్టకండి. ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి చూడండి. ఆ ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటే లోపల పని జరుగుతోందని అర్థం, ఐదు పది నిమిషాలు వదిలేయండి. అప్పటికీ కదలకపోతే బటన్‌ను నాలుగైదు సెకన్లు, కొన్నింటికి పది సెకన్ల దాకా నొక్కిపడితే ఆగిపోతుంది. ఆఖరి దారి అది. గోడ స్విచ్ ఆ లిస్టులోనే లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీలాంటి వాళ్లకు పోతే ప్రాణం మీదికి వచ్చేది కంప్యూటర్ కాదు, అందులో ఉన్న లెక్కలు.

చిత్తూరులో ఒక బెల్లం మండీ. గుమాస్తా సాయంత్రం తాళం వేసేటప్పుడు ముందు ఫ్యాను, తర్వాత లైటు, చివరికి మెయిన్ ఆపేవాడు. కంప్యూటర్ అప్పటికి ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే ఆగిపోయేది. రెండేళ్లు ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నారు. మార్చి నెలాఖరులో ఒకరోజు టాలీ తెరిస్తే కంపెనీ లోడ్ కావడం లేదు. నన్ను పిలిచారు. వెళ్లి క్యాబినెట్ తెరిస్తే ముందు చీమలు కనిపించాయి. బెల్లం మండీలో చీమలు ఉండక ఏముంటాయి, కీబోర్డ్ తిప్పి తడితే అక్కడా రాలాయి. సరే, డేటా సంగతి చూద్దామని, "బ్యాకప్ ఉందా సామీ?" అని అడిగాను. "ఎందుకు లేదు, రోజూ తీస్తాం" అన్నారు. ఎక్కడ? డీ డ్రైవ్‌లో. అంటే అదే హార్డ్ డిస్క్‌లో రెండో అర. ఆ డిస్క్‌లోనే అప్పటికి చదవలేని చోట్లు పడిపోయి ఉన్నాయి. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసినట్టయింది. కొంత లేచింది, రెండున్నర నెలల లెక్కలు లేవలేదు. బిల్లుపుస్తకాలు ముందేసుకుని ఆ గుమాస్తా, ఇంకో కుర్రాడు పన్నెండు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించారు.

కాబట్టి వారానికి రెండుసార్లయినా టాలీ డేటా మెనూలో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఒకటి చాలదు, రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడండి. పని కాగానే తీసి పక్కన పెట్టండి. ఎప్పుడూ గుచ్చే ఉంచితే వైరస్ వచ్చినా, పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి. నెలకు ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్ తీసేముందు కింద "సేఫ్‌లీ రిమూవ్" నొక్కడం ఇప్పుడు తప్పనిసరేం కాదు, 2018 చివరి నుంచి విండోస్ 10 పెన్‌డ్రైవ్‌లను త్వరగా తీసేసుకునేలానే నడుపుతోంది. అయినా కాపీ పూర్తయిందో లేదో చూడకుండా లాగొద్దు. నేనైతే ఇప్పటికీ నొక్కే తీస్తాను.

యూపీఎస్ గురించి కూడా కొంచెం విడమరచి చెప్పాలి. ఇంట్లో వాడే 600 వీఏ రకంలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. కొత్తగా ఉన్నప్పుడు పది పదిహేను నిమిషాలు నిలబడుతుంది. రెండు మూడేళ్లకు అది మూడు నిమిషాలకు దిగుతుంది, ఆ తర్వాత ముప్పై సెకన్లకు. వేడిచోట పెడితే ఇంకా ముందే. మన ఊళ్లో మే నెల ఎండలు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గోడకు ఆనించి, పైన పాత పేపర్లు పేర్చిన యూపీఎస్‌లు ఎన్ని చూశానో! మూడు నెలలకోసారి అన్నీ సేవ్ చేసి, టాలీ మూసేసి, సిస్టమ్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, యూపీఎస్ ప్లగ్ పీకి, గడియారం చూస్తూ కూర్చోండి. ఐదు నిమిషాలు కూడా నిలబడకపోతే బ్యాటరీ మార్చే వేళయింది. యూపీఎస్ మొత్తం మార్చాల్సిన పని లేదు. బ్యాటరీ పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం పరీక్షలు పెట్టకుండా వెంటనే తీయించండి.

కరెంటు పోయి యూపీఎస్ కూత పెట్టిందంటే అర్థం, లేచి ఆపమని. "ఈ ఒక్క ఎంట్రీ ఉంది, వేసేస్తాను" అనేవాళ్లే నాకు అన్నం పెట్టేది. సేవ్, టాలీ మూత, షట్‌డౌన్. లేజర్ ప్రింటర్ ఉంటే దాన్ని యూపీఎస్‌కు తగిలించొద్దు. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అంటారు కొందరు. మామూలు ఇన్వర్టర్ కరెంటు మార్చుకునే ఆ రెప్పపాటులో లైటు ఒకసారి మినుక్కుమంటుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న మీట ఉంటుంది, అది వేసి ఉందో లేదో చూడండి.

మీరు రాత్రి గోడ స్విచ్ ఆపడం వల్ల ఇంకో చిక్కు ఉంది. అప్పుడు యూపీఎస్ బ్యాటరీకి ఛార్జింగ్ అందదు. అదీగాక మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారం నడిపేది అదే. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు దానికి పని తక్కువ. రోజూ గోడ దగ్గర ఆపేస్తే రాత్రంతా అదే మోయాలి, కొన్నేళ్లకు అయిపోతుంది. అప్పుడు కంప్యూటర్ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. చూడ్డానికి చిన్న తప్పే. కానీ తేదీ తప్పితే బ్రౌజర్ వెబ్‌సైట్ల సర్టిఫికెట్లను నమ్మదు, బ్యాంకు సైటూ తెరుచుకోదు, జీఎస్టీ పోర్టలూ తెరుచుకోదు. "నెట్ పోయింది" అని ఫోన్ చేస్తారు. కుడివైపు మూల తేదీ చూడమంటే 2017 అని ఉంటుంది. బ్యాటరీ ఖరీదు పదుల రూపాయల్లోనే. అందుకని మామూలు రోజుల్లో గోడ స్విచ్, యూపీఎస్ రెండూ ఆన్‌లోనే ఉంచి, సిస్టమ్‌ను షట్‌డౌన్ చేస్తే చాలు.

ఉరుములు మెరుపుల రోజుల్లో లెక్క వేరు. అప్పుడు స్విచ్ ఆపడం కూడా చాలదు, ప్లగ్ పీకేయాలి. స్విచ్ లోపలి ఎడం ఎంతని, పిడుగుకు అదొక లెక్కా! ఎప్పుడూ మరిచిపోయేది నెట్ కేబుల్. ఫైబర్ తీగ గాజు, దాని వెంట పిడుగు రాదు. కానీ రౌటర్ అడాప్టర్ గోడకే కదా ఉండేది. అక్కడినుంచి రౌటర్‌లోకి, రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ వెంట మీ మదర్‌బోర్డులోకి. సిస్టమ్ ప్లగ్ తీసి జాగ్రత్తపడినవాళ్లకు కూడా ల్యాన్ పోర్టు కాలిపోయిన కేసులు అక్టోబరు, నవంబరులో నాకు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ తీగ కూడా తీయండి. ఆకాశం ఉరుముతుండగా కాదు, మబ్బు పట్టినప్పుడే.

క్యాబినెట్‌ను నేల మీద పెట్టారా? 2021 నవంబరు వరదలు గుర్తున్నాయి కదా. తిరుపతిలో ఎన్నో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ వారం మా దగ్గరికి బురద కారుతున్న క్యాబినెట్‌లు వరసగా వచ్చాయి. తుడిచి, "ఒకసారి ఆన్ అవుతుందేమో" అని వేసి చూసినవాళ్లవి బోర్డులు పోయాయి. వేయకుండా నేరుగా తెచ్చినవాటిలో కొన్ని విప్పి, కడిగి, ఆరబెడితే లేచాయి. రెండు ఇటుకల మీద చెక్కముక్క వేసి పైన పెట్టినా చాలు. నేల మీది దుమ్ము కూడా తక్కువ పీలుస్తుంది.

దుమ్ము అన్నాను కాబట్టి మన ఇళ్ల ప్రత్యేకత ఒకటి చెప్పాలి. చాలామంది కంప్యూటర్ బల్లకు పైనే దేవుడి గూడు పెడతారు. సాంబ్రాణి, అగరుబత్తి పొగలోని జిడ్డు మీద దుమ్ము అంటుకుని, ఫ్యాన్ రెక్కల మీద అట్టలా కడుతుంది. మామూలు దుమ్ము ఊదితే పోతుంది, ఇది గీకాలి. ఇక ఆయుధపూజ. దసరా అయిన మరుసటి వారం వచ్చే క్యాబినెట్‌లు చూస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ఒకరి సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ దూరడం లేదంటే యూఎస్‌బీ పోర్టులో టార్చి వేసి చూశాను. నిండా కుంకుమ. పై జాలీకి మూడు అడ్డగీతలుగా గంధం రాసి మధ్యలో బొట్టు పెట్టారు, పసుపునీళ్లు చల్లారు, ఆ చుక్కలు జాలీలోంచి గ్రాఫిక్స్ కార్డు మీదికి కారి ఎండిపోయాయి. పూజ చేయొద్దని నేను అనను, మా అంగట్లో కూడా చేస్తాం. క్యాబినెట్ పక్క రేకుకు పొడి బొట్టు పెట్టండి. పైన జాలీ, ముందు పోర్టులు వదిలేయండి. నీళ్లు చల్లేటప్పుడు ప్లగ్ తీసి ఉండాలి, కొబ్బరికాయ గుమ్మం దగ్గర కొట్టండి.

శుభ్రం చేయడం ఆరు నెలలకోసారి మీ ఇంట్లోనే చేయొచ్చు. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి పది సెకన్లు నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. తీగలు ఎక్కడెక్కడివో ఫోన్‌తో ఫోటో తీసుకుని విప్పండి. వరండాలోకి తెచ్చి, పక్క రేకు తీసి, బ్లోయరుతో గాలి కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. తడిగుడ్డ లోపలికి పోనివ్వొద్దు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ బ్రష్ కూడా వద్దు, దాని రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులకు మంచిది కాదు. ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయి ఉంటే అది మాలాంటి వాళ్లకు వదిలేయండి. శుభ్రం చేశాక ఆన్ కాకుండా కూతలు పెడితే కంగారు పడొద్దు. ఎక్కువసార్లు ర్యామ్ కాస్త కదిలి ఉంటుంది. తీసి, బంగారు రంగు పళ్లను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా కూర్చోబెడితే లేస్తుంది.

క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమంటోందా? అడగలేదు కానీ పాత ఇళ్లలో ఇది మామూలే. సిస్టమ్ చెడిపోయిందని అనుకుంటారు. ఇంటికి ఎర్తింగ్ సరిగా లేకపోతే పవర్ సప్లైలోని చిన్న కెపాసిటర్ల గుండా 230 వోల్టులలో ఇంచుమించు సగం వోల్టేజీ రేకుకు చేరుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చిమచిమలాడి ఊరుకుంటుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. మూడు పిన్నుల ప్లగ్‌కు రెండు పిన్నుల సాకెట్టు పెట్టి నెట్టుకొస్తున్నా ఇదే గతి. దీనికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, నన్ను కాదు.

మీ పనికి జీఎస్టీ రిటర్నుల గడువులైన 11వ తేదీ, 20వ తేదీ ఎంత టెన్షనో నాకు తెలుసు. సరిగ్గా జీఎస్టీఆర్-1 రిటర్ను ఎక్కించే పొద్దున "అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అని తెర వస్తే ఏడుపొస్తుంది. ఆ తెర వచ్చాక ఏమీ చేయలేం, మధ్యలో కరెంటు తీస్తే విండోసే లేవకుండా పోవచ్చు. ముందే జాగ్రత్తపడాలి. సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది, మీ పని గంటలు అందులో పెట్టండి, 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. ఆ సమయంలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. 21వ తేదీ సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు మీరే అప్‌డేట్లు వేయించుకుని రీస్టార్ట్ చేయండి.

అన్నట్టు, విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉంది, ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీది ఏడేళ్ల సిస్టమ్ కాబట్టి అటో ఇటో సరిహద్దులో ఉంటుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి ప్రాసెసర్ పేరు చూడండి. ఐ3, ఐ5 లాంటి పేరు తర్వాత నాలుగంకెలు ఉండి, మొదటిది 8 అయినా 9 అయినా పర్వాలేదు. 7 అయితే కుదరదు.

రిజిస్ట్రీ క్లీనర్లు, పీసీ బూస్టర్ల జోలికి పోకండి. నత్తనడకకు అవి మందు కాదు, ఒక్కోసారి అవే రోగం. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి, మీరు వాడనివి డిసేబుల్ చేయండి. సీ డ్రైవ్‌లో కనీసం ఐదో వంతు ఖాళీ ఉంచండి. వైరస్‌కు విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు, దాన్ని ఎవరూ ఆపేయకపోతే.

డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే దేనికి పెట్టాలో కూడా చెప్పేస్తాను. హార్డ్ డిస్క్ బదులు వాడే, చిప్పులతో చేసిన 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించి, విండోస్‌నూ టాలీనీ దాంట్లోకి మార్పించండి. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు వెతుక్కోవాలి. ఎస్‌ఎస్‌డీలో ఆ కదలికే లేదు, మీ ఏడేళ్ల సిస్టమ్ కొత్తదానిలా లేస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ లేని లోటు కూడా తెలియదు. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్, అంటే ఫైళ్ల ముక్కలను ఒకచోట సర్దే పని, చేయించొద్దు, ఎవరైనా చేస్తామన్నా వద్దనండి. దానికి కావాల్సిన సర్దుబాటు విండోస్ తనే చేసుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ పారేయకుండా బయటినుంచి తగిలించే యూఎస్‌బీ పెట్టెలో వేయించుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది. అయితే ముందు దాని ఆరోగ్యం చూపించమనండి. చదవలేని చోట్లు కనిపిస్తే దానిమీద లెక్కలు పెట్టొద్దు.

ముందు ఆ అప్ టైమ్ అంకె చూసి, ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. అది ఈ రాత్రికే చేయొచ్చు. విప్పడం, ఊదడం, ఎస్‌ఎస్‌డీ వేయించడం మాత్రం ఈ నెల 20వ తేదీ దాటాక పెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ వేసే కుర్రాడు ఎవరైనా సరే, సిస్టమ్ అతని చేతికి ఇచ్చేముందు టాలీ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ రెండూ తీసి మీ బీరువాలో పెట్టుకోండి.